గీత కింది అంకె

ఈ స్మారకోపన్యాసం ఒక లెక్కల మాస్టారి పేరున ఏర్పాటైంది. అందుకని సాఫ్ట్‌వేర్ నాణ్యతను కొలవడమెలా అన్న ఇవాళ్టి విషయాన్ని బడిలో నేర్పే భిన్నాలతో మొదలుపెడితే తప్పు పట్టరనుకుంటాను. భిన్నంలో గీత పైనుండేది లవం, కిందుండేది హారం. అందరి కన్నూ పైదాని మీదే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే. ఎన్ని బగ్గులు దొరికాయి, ఎన్ని టెస్టులు పాసయ్యాయి, ఎన్ని టికెట్లు క్లోజయ్యాయి అని పై అంకెను లెక్కపెట్టడానికి యాభై ఏళ్లుగా బోలెడు పరికరాలు పుట్టుకొచ్చాయి. ఎన్నింటిలో అన్ని, ఎందరిలో అందరు అనే కింది అంకెను మాత్రం చాలాసార్లు చేతికి ఏది తగిలితే దానితో నింపేశాం. నాణ్యత కొలతలు బాగుపడాలంటే ముందు బాగుపడాల్సింది ఆ హారమేనన్నది నా వాదన. కొత్త కొలమానాలు కనిపెట్టే పని ఆ తర్వాతది. హారమంటే సన్మానసభలో మెడలో పడేదేనని అనుకునేవారికి కూడా ఇందులో కొంత భాగముంది, సర్టిఫికెట్ల దండల దగ్గరికి కాసేపట్లో వస్తాను.

కొలవాలన్న తపన ఈ రంగానికి పుట్టుకతోనే ఉంది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సమావేశం 'సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్' అన్న మాటను జనంలోకి తెచ్చింది. ఇంజినీరింగ్ అని పేరు పెట్టుకున్నాక చేతిలో టేపు లేకపోతే నామోషీ కదా. మొదట దొరికిన టేపు లైన్లు. బట్టను మూరల్లో కొలిచినట్టు ప్రోగ్రామును లైన్లలో కొలిచి, వెయ్యి లైన్లకు ఎన్ని లోపాలున్నాయో దాన్ని నాణ్యత అన్నారు. 1976లో థామస్ మెకేబ్ ఇంకాస్త తెలివైన కొలత తెచ్చారు. ప్రోగ్రాములో దారి చీలే చోట్లు లెక్కపెట్టి దానికి ఒకటి కలిపితే సంక్లిష్టత అంకె వస్తుంది, అది పది దాటితే ఆ ముక్కను విడగొట్టుకోవడం మంచిదన్నారు. ఊళ్లో కూడళ్లు లెక్కపెట్టి, కొత్తవాడు ఆ ఊళ్లో దారి తప్పే అవకాశమెంతో అంచనా వేయడం లాంటిది ఇది. పనికొచ్చే ఊహే. కానీ తర్వాత పరిశోధకులు నిదానంగా చూస్తే ఇలాంటి కొలతల్లో చాలావాటికి సొంత బలం పెద్దగా లేదని తేలింది. 2001లో ఖలీద్ ఎల్ ఎమామ్, ఆయన సహచరులు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రాముల కొలతలను పరీక్షించి, ప్రోగ్రాము పరిమాణాన్ని లెక్కలోకి తీసుకున్నాక ఆ కొలతలకూ లోపాలకూ కనిపించిన సంబంధం కరిగిపోతోందని చూపారు. పెద్ద చేలో కలుపు ఎక్కువుంటుంది. గట్ల వంపులు లెక్కపెట్టి, కలుపుకు ఆ వంపులే కారణమంటే ఎలా? కొలవనిదాన్ని అదుపు చేయలేమని 1982లో ఒక పుస్తకంలో గట్టిగా చెప్పి ఈ ఉత్సాహానికి ఊపిరిపోసిన టామ్ డిమార్కో సైతం 2009 నాటికి తన మాటను తానే ప్రశ్నించుకున్నారు. అదుపు ఎక్కువ కావాల్సి వచ్చే ప్రాజెక్టుల్లో అసలు అంత విలువైన పని జరుగుతోందా అన్నది ఆయనకు కలిగిన సందేహం. మాట వెనక్కి తీసుకునే పెద్దలు ఏ రంగంలోనూ ఎక్కువమంది ఉండరు కనుక ఇది చెప్పుకోదగ్గ సంగతే.

వెయ్యి లైన్లకు ఇన్ని లోపాలన్న భిన్నంలో తప్పెక్కడుందో 1984లోనే ఐబీఎంకు చెందిన ఎడ్వర్డ్ ఆడమ్స్ బయటపెట్టారు. వాడకంలో ఉన్న పెద్ద సాఫ్ట్‌వేర్లలో దొరికిన లోపాలను తీసుకుని, ఒక్కొక్కటి సగటున ఎంత వాడకానికి ఒకసారి బయటపడుతుందో ఆయన లెక్క కట్టారు. దాదాపు మూడోవంతు లోపాలు 5,000 సంవత్సరాల వాడకానికి ఒకసారి బయటపడేవని తేలింది. వాడేవాళ్లను తరచుగా సతాయించినవి నూటికి రెండు లోపాలే. అంటే వంద లోపాల్లో తొంభై సరిదిద్ది, వెయ్యి లైన్ల లెక్కను అద్దంలా మెరిపించినా, ఆ రెండూ మిగిలిన పదిలో ఉంటే వాడేవాడికి ఒరిగేది ఏమీ లేదు. లోపం కోడ్‌లో ఉంటుంది, వైఫల్యం వాడకంలో ఉంటుంది. మొదటిదాన్ని లైన్లతో భాగిస్తే వచ్చేది కోడ్ రాసినవాడికి సంబంధించిన అంకె. రెండోదాన్ని వాడకంతో భాగిస్తేనే వాడేవాడికి అర్థమయ్యే అంకె వస్తుంది. నార్మన్ ఫెంటన్, నిక్లస్ ఓల్సన్ 2000లో ఎరిక్సన్ టెలిఫోన్ స్విచ్చింగ్ సాఫ్ట్‌వేర్ మీద ప్రచురించిన అధ్యయనం ఈ వాదనను ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది. విడుదలకు ముందు టెస్టింగ్‌లో ఎక్కువ లోపాలు దొరికిన భాగాల్లో విడుదల తర్వాత దాదాపు ఏమీ దొరకలేదు. విడుదలయ్యాక గోల పెట్టినవి ముందు బుద్ధిగా కనిపించిన భాగాలు. గట్టిగా దులిపిన పరుపు నుంచే దుమ్ము రాలుతుంది. రాలిన దుమ్మును తూచి ఆ పరుపు మురికిదని, దులపని పరుపు శుభ్రమైనదని తీర్పు చెప్పే అలవాటు మన ఆఫీసుల్లో ఇప్పటికీ పోలేదు.

టెస్టింగ్‌లో అందరూ మొక్కే అంకె కవరేజి. టెస్టులు నడిపినప్పుడు ప్రోగ్రాములో ఎన్ని లైన్లు కదిలాయో మొత్తం లైన్లతో భాగిస్తే వచ్చే శాతం అది. 80 దాటకపోతే రిలీజుకు ఒప్పుకోమనే సంస్థలున్నాయి. 2014లో లారా ఇనొజెమ్‌ట్సేవా, రీడ్ హోమ్స్ ఐదు పెద్ద జావా ప్రోగ్రాముల మీద 31,000 టెస్టు సముదాయాలు తయారుచేసి చూశారు. ఒక్కో సముదాయంలో టెస్టుల సంఖ్య సమానంగా ఉంచితే, కవరేజి శాతానికీ లోపాలు పట్టే శక్తికీ మధ్య సంబంధం అంత బలంగా లేదని తేల్చారు. ఎందుకలా అంటే నా సమాధానం మళ్లీ హారమే. కవరేజి హారంలో ఉండేవి రాసిన లైన్లు. రాయాల్సి ఉండీ రాయని లైను ఆ హారంలో లేదు. వంద శాతం కవరేజి ఉన్న ప్రోగ్రాములోనూ ఒక తనిఖీ మొత్తానికే లేకపోవచ్చు, ఆ లోటు శాతంలో రవ్వంత కూడా కనిపించదు. హాజరుపట్టీలో పేరే లేని పిల్లవాడు ఎన్నాళ్లు బడి ఎగ్గొట్టినా హాజరు శాతం తగ్గదు.

ఆ రాయని లైను ఖరీదెంతో 1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరు ప్రయోగ కేంద్రంలో తెలిసింది. ఏరియాన్ 5 రాకెట్ మొదటి ప్రయోగం అది. బయల్దేరి నలభై సెకన్లు కాకుండానే దారి మళ్లి ముక్కలైంది. రాకెట్ వంపునూ వేగాన్నీ కొలిచే పరికరంలోని సాఫ్ట్‌వేర్ ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టింది. అందులో క్షితిజ సమాంతర వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల గదిలో కూర్చోబెట్టే చోటుంది. ఆ గదిలో 32,767 దాటిన సంఖ్య పట్టదు. ఏరియాన్ 4 ఎన్నడూ అంతదూరం రాలేదు. ఏరియాన్ 5 దారి వేరు, అడ్డంగా వేగం పుంజుకోవడంలో దానికి తొందరెక్కువ. సంఖ్య పొంగింది, పరికరం చేతులెత్తేసింది. స్టెప్నీగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్ కనుక అది అప్పటికే, 72 మిల్లీసెకన్ల ముందే, చచ్చిపోయి ఉంది. అసలా లెక్క రాకెట్ నేల మీద ఉన్నంతసేపే అవసరం, లేచాక దాంతో పనే లేదు. జాక్-లూయీ లియాన్స్ అధ్యక్షతన వేసిన విచారణ సంఘం నివేదికలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన వివరం వేరే ఉంది. ఇలా పొంగే ప్రమాదమున్న సంఖ్యలు ఏడని ఇంజినీర్లకు ముందే తెలుసు. నాలుగింటికి రక్షణ పెట్టి మూడింటిని వదిలేశారు. ఎందుకంటే ఆ కంప్యూటర్ మీద పనిభారం 80 శాతం మించకూడదన్న లక్ష్యం ఉంది. ఆ లక్ష్యం నెరవేరింది. ఏరియాన్ 4 దారిలో ఆ సాఫ్ట్‌వేర్ నమ్మదగిందే, ఆ హారం మీద కట్టిన భిన్నం తప్పేమీ కాదు. హారం మారినా పాత భిన్నాన్నే మోసుకొచ్చారు. కొత్త దారి తాలూకు సంఖ్యలతో ఆ పరికరాన్ని నేల మీదే ఒకసారి నడిపించి ఉంటే బండారం బయటపడేదని సంఘమే చెప్పింది.

పాత కథలెందుకంటారా? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న ఫైలు మన గడియారంలో ఉదయం 9:39కి విడుదలైంది, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫైలును చదివే ప్రోగ్రాము 21 గళ్లలో వివరాలుంటాయని చూస్తుంటే దానికి అందించేవి 20 మాత్రమే. టెస్టుల్లో ఇది ఎందుకు పట్టుబడలేదంటే, 21వ గడిలో ఏదున్నా సరేనన్న గుర్తు పెట్టి పరీక్షించారు కనుక ఆ గడిని నిజంగా తెరిచి చూసే అవసరమే రాలేదు. టెస్టులు పాసయ్యాయి, జనం పాసవలేదు. ఆ యంత్రాలు ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఒక శాతం కన్నా తక్కువేనని మైక్రోసాఫ్ట్ ఆ వారంలో ప్రకటించింది. అంకె నిజమే. కానీ ఆ ఒక శాతంలోపు యంత్రాలు ఇళ్లలో పిల్లలు ఆడుకునేవి కావు, విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఉన్నవి. యంత్రాలతో భాగిస్తే ఒక శాతానికి తక్కువ. ఆ ఉదయం ఆగిపోయిన పనులతో భాగిస్తే ఎంతో ఎవరూ కట్టలేదు.

ఇక దండల సంగతి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలోని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ ఆలోచనల నుంచి వచ్చిన సీఎంఎం కొలత ఉత్పత్తిని వదిలి ఉత్పత్తి చేసే తీరును కొలిచింది. అందులో ఐదో మెట్టు అందుకోవడంలో భారతీయ కంపెనీలు ప్రపంచానికే ముందు నిలిచాయి, హైదరాబాద్ కంపెనీలూ వాటిలో ఉన్నాయి. దీన్ని ఎగతాళి చేయడం తేలిక, కానీ అన్యాయం. పని ఎలా చేశామో రాసిపెట్టుకోవడం, మార్పులకు లెక్క ఉంచడం మన పరిశ్రమకు పరువు తెచ్చిన అలవాట్లు. చిక్కల్లా హారంలోకి కాగితాలు వచ్చి కూర్చోవడంతోనే. సపోర్ట్ పనుల్లో ఉన్నవాళ్లకు ఎస్ఎల్ఎ గడియారం తెలుసు. ఫిర్యాదు వచ్చాక ఇన్ని గంటల్లో తేల్చాలని ఒప్పందం. గడువు దగ్గరపడితే టికెట్‌ను 'యూజర్ జవాబు కోసం వేచి ఉంది' అన్న స్థితిలోకి నెడితే గడియారం ఆగుతుంది. నెలాఖరు రిపోర్టులో గళ్లన్నీ ఆకుపచ్చగా ఉంటాయి. అవతల యూజర్ గడియారం ఆగదు. అబద్ధం ఎవరూ ఆడలేదు, హారంలో ఎవరి గంటలుండాలో మాత్రం కొలిచేవాడే నిర్ణయించుకున్నాడు.

ఈ తేడా అన్నిటికన్నా స్పష్టంగా కనిపించే చోటు ఏ ఐటీ పార్కులోనూ లేదు, రేషన్ షాపులో ఉంది. ఈ-పాస్ యంత్రం మీద వేలు పెట్టడం, ఆధార్ సర్వర్ ఔననడం, బియ్యం తూచడం. ఇదొక సాఫ్ట్‌వేర్, దీనికీ నాణ్యత ఉంది, దాన్ని కొలిచారు కూడా. 2016-17 ఆర్థిక సర్వేలో వేలిముద్రలు విఫలమయ్యే రేటు అంచనాలిచ్చారు. జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. 2018లో సుప్రీంకోర్టులో విచారణ జరుగుతున్నప్పుడు ఆధార్ సంస్థ తరఫున ప్రభుత్వ సేవల్లో సాఫల్యం 88 శాతమన్న అంకె వచ్చింది. కృష్ణా జిల్లా 5 చూసి మనం కొంచెం ఛాతీ విరుచుకోవచ్చు. విరుచుకునే ముందు ఆ 5 దేనిలో 5 అని అడగాలి. ప్రయత్నాల్లోనా, మనుషుల్లోనా? ఒక షాపుకు వందమంది వచ్చారనుకుందాం. తొంభైమందికి మొదటిసారే ముద్ర పడింది. పదిమంది తలా ఐదుసార్లు వేళ్లు మార్చి మార్చి పెట్టినా పడలేదు. మొత్తం ప్రయత్నాలు 140, సఫలమైనవి 90, అంటే సాఫల్యం 64 శాతం. మనుషుల్లో చూస్తే 90 శాతం. ఇప్పుడు ఆ పదిమందికి ఐదోసారికి ముద్ర పడిందనుకోండి. మనుషుల లెక్కలో 100 శాతం. ప్రయత్నాల లెక్కలో 140కి 100, అంటే 71 శాతం. ఒకే షాపు, ఒకే పూట, ఒకే యంత్రం. ఏ అంకె అధికారికి వెళ్లాలో యంత్రం చెప్పదు. ఈ లెక్కలో అసలు షాపుకే రాని మనిషి ఎక్కడా లేడు. పోయిన నెల మూడుసార్లు తిరిగి విసిగిపోయిన ముసలమ్మ ఈ నెల ఇంట్లో కూర్చుంటే ఆమె లవంలోనూ లేదు, హారంలోనూ లేదు. ఆమె రాకపోవడం వల్ల షాపు సాఫల్యం మెరుగుపడుతుంది కూడా.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. నెలనెలా నూటికి ఐదుగురికి ముద్ర పడటం లేదన్న అంకె నిలకడగా వస్తోందనుకుందాం. ఆ ఐదుగురు ప్రతినెలా కొత్తవాళ్లా, పాతవాళ్లేనా? సిగ్నల్ అందకో సర్వర్ మొరాయించో విఫలమైతే అది ఈ నెల ఒకరికి, వచ్చే నెల ఇంకొకరికి తగిలే దెబ్బ. ఒక్కో కుటుంబానికి సగటున ఇరవై నెలలకోసారి ఇబ్బంది. అదే కారణం అరిగిపోయిన వేళ్లయితే, సున్నం పనిలో, మిరపకోతలో, ఇటుకబట్టీలో గీతలు చెరిగిపోయిన చేతులైతే, ప్రతినెలా ఆ ఐదుగురే. మిగతా తొంభై ఐదుమందికి ఈ సాఫ్ట్‌వేర్‌లో లోపముందన్న సంగతే తెలియదు. రెండు చోట్లా వైఫల్యం 5 శాతమే. మొదటిది ఓర్చుకోదగ్గ చిరాకు, రెండోది కొందరిని జాబితాలో ఉంచుతూనే జాబితా బయట నిలబెట్టడం. సగటుకు ఈ రెంటి మధ్య తేడా కనిపించదు. హారంలో ప్రయత్నాల బదులు కుటుంబాలనూ, నెల బదులు ఏడాదినీ పెడితే వెంటనే కనిపిస్తుంది: ఏడాదిలో ఒక్కసారైనా ఒట్టి సంచీతో తిరిగొచ్చినవారు ఎందరు, ఆరుసార్లకు మించి తిరిగొచ్చినవారు ఎందరు. దీనికి కొత్త సాంకేతికత అక్కర్లేదు, యంత్రం దగ్గర పోగయ్యే వివరాలను కార్డు నంబరు ప్రకారం మళ్లీ కూడితే చాలావరకు సరిపోతుంది.

వాడకాన్ని హారంగా పెట్టడానికి శాస్త్రీయమైన పద్ధతి లేకపోలేదు. బెల్ ల్యాబ్స్‌లో జాన్ మూసా ఏళ్లతరబడి పనిచేసి, 1993లో వివరంగా రాసిన ఆపరేషనల్ ప్రొఫైల్ ఆ పద్ధతే. సాఫ్ట్‌వేర్‌ను ఎవరు, ఏ పనికి, ఎంత తరచుగా వాడతారో ముందు పట్టిక గీసుకో. ఆ నిష్పత్తిలోనే యాదృచ్ఛికంగా టెస్టులు ఎంచుకో. అప్పుడు వచ్చే వైఫల్యాల రేటు రేపు వాడుకలో కనిపించబోయేదానికి నమూనా అవుతుంది. ఇది మన పల్లెలకు కొత్త కాదు. పంటకోత ప్రయోగం ఇదే. మండలంలో వరి దిగుబడి ఎంతో తేల్చడానికి అధికారి రోడ్డు పక్కన ఏపుగా ఉన్న మడి ఎంచుకోవడానికి వీల్లేదు. లాటరీలో వచ్చిన సర్వే నంబరుకు వెళ్లి, అందులోనూ నైరుతి మూల నుంచి లాటరీలో వచ్చినన్ని అడుగులు కొలుచుకుని, ఐదు మీటర్ల చదరానికి తాడు కట్టి, కోసి, నూర్చి, తూస్తారు. ఈ పద్ధతి స్థిరపడే రోజుల్లో గణాంకవేత్తలు మహలనోబిస్‌కూ సుఖాత్మేకూ తగువు నడిచింది. మహలనోబిస్ చిన్న ముక్కలు కోస్తే చాలన్నారు. చిన్న ముక్కల్లో దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తోందని సుఖాత్మే చూపారు. తాడు మీదికి వచ్చిన దుబ్బును కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుంది, ముక్క చిన్నదయ్యే కొద్దీ ఆ హద్దు దుబ్బుల వాటా పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్ కొలతల్లో ఇంత నిశితమైన తగువు జరిగిన సందర్భాలు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మనం ఇంకా రోడ్డు పక్కన మడి దగ్గరే ఉన్నాం.

వాడకమంటే ఏ మీట నొక్కారన్నది మాత్రమే కాదు, ఎంత వేగంగా నొక్కారన్నదీ అందులో భాగమే. 1985-87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం ఆరుగురికి మోతాదు మించిన కిరణాలిచ్చింది. 1985లో ఒక ప్రమాదం తర్వాత చిన్న మార్పు చేసి, భద్రత కనీసం లక్ష రెట్లు పెరిగిందని తయారీదారు ప్రకటించారు. ఆ లక్షకు కింద ఏ వాడకమూ లేదు, కాగితం మీది ఊహలే. మరుసటి ఏడు టెక్సస్‌లో ఆపరేటర్ ఎలక్ట్రాన్‌కు 'ఈ' కొట్టాల్సిన చోట ఎక్స్‌రేకు 'ఎక్స్' కొట్టి, పైకి బాణం మీటతో వెళ్లి సరిదిద్ది, చకచకా కిందికి వచ్చేసింది. అయస్కాంతాలు సర్దుకోవడానికి పట్టే ఎనిమిది సెకన్లలోపే దిద్దుబాటు ముగిస్తే యంత్రం దాన్ని గమనించదు. తెర మీద కనిపించింది 'మాల్‌ఫంక్షన్ 54' అన్న ఒక ముక్క. నిదానంగా టైపు చేసేవాడి చేతిలో ఆ తప్పు బయటపడదు. రోజూ అదే పని చేసి చెయ్యి తిరిగిన మనిషి దగ్గరే బయటపడింది.

వాడకాన్నే హారంగా పెట్టాలన్న ఈ వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలు చిన్నవి కావు. జనానికి దెబ్బ తగిలాక లెక్కపెట్టడం శవపరీక్ష లాంటిది, ముందే హెచ్చరించే కొలతలు కావాలి కదా అంటారు. కావాలి. కోడ్ సంక్లిష్టత, కవరేజి లాంటివి జ్వరం చూసే థర్మామీటరుగా పనికొస్తాయి, వాటిని పారేయమనడం లేదు. కానీ అవి హెచ్చరికలో కావో తేల్చేది కూడా చివరికి వాడకంలో వైఫల్యాలే. 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నాగప్పన్, మర్ఫీ, మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బాసిలీతో కలిసి విండోస్ విస్టా మీద చేసిన అధ్యయనం చూడండి. విడుదల తర్వాత ఏ భాగాలు విఫలమవుతాయో ఊహించడంలో సంక్లిష్టత, కవరేజి వంటి కొలతలకన్నా, ఆ భాగం మీద ఎందరు పనిచేశారు, ఎందరు వదిలి వెళ్లిపోయారు, ఎన్ని విభాగాల మధ్య అది నలిగింది అన్న సంస్థాగత కొలతలు మెరుగ్గా పనిచేశాయి. నలుగురు కలిపిన సాంబారు రుచి సంగతి వంటింట్లో ఎవరికైనా తెలుసు, దాన్ని అంకెల్లో నిరూపించారు. అలా నిరూపించగలిగారంటే విస్టా విడుదలయ్యాక వైఫల్యాలను జాగ్రత్తగా లెక్కపెట్టి ఉంచారు కనుకనే. ముందుకొలతకు విలువ కట్టేది వెనుకకొలతే.

కొత్త సాఫ్ట్‌వేర్‌ను జనం ఎలా వాడతారో ముందే ఎలా తెలుస్తుందన్నది రెండో అభ్యంతరం. పూర్తిగా తెలియదు. ఏరియాన్ 5 దారి మాత్రం ముందే తెలుసు, తెలిసినదాన్ని వాడుకోకపోవడమే అక్కడి కథ. నిజంగా తెలియనిచోట వాడకాన్ని కొద్దికొద్దిగా వదలాలి. మొదట వందమందికి, తర్వాత పదివేలమందికి. క్రౌడ్‌స్ట్రైక్ ఆ రోజు ఆ రకం ఫైళ్లను అలా విడతలుగా పంపలేదు, ఆ తర్వాత ఆ పద్ధతికి మారింది. మూడో అభ్యంతరానికి నేను తలవంచాల్సిందే. గంటకు వందకోట్లలో ఒక వంతు ప్రమాదం కూడా ఉండకూడదని విమాన నియంత్రణ లాంటి చోట్ల అడుగుతారు. దాన్ని వాడకంతో రుజువు చేయాలంటే వందకోట్ల గంటలు, అంటే లక్షా పద్నాలుగు వేల సంవత్సరాలు నడపాలి. ఇది అసాధ్యమని నాసాకు చెందిన బట్లర్, ఫినెల్లీ 1993లోనే చెప్పారు. అక్కడ గణితపరమైన నిరూపణలు, వేర్వేరు బృందాల తనిఖీలు, డిజైన్‌లోనే ఉండే అడ్డుకట్టలు దిక్కు. కొలవలేనిదాన్ని కొలిచినట్టు అంకె రాయకపోవడం కూడా మంచి కొలతలో భాగమే. మన దైనందిన సాఫ్ట్‌వేర్లలో అధికభాగం మాత్రం ఆ కోవలోవి కావు.

నాలుగోది అందరికీ తెలిసిన ఎత్తిపొడుపు. కొలత లక్ష్యమైతే చెడిపోతుందని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన సూత్రం నీ హారానికి వర్తించదా అంటారు. వర్తిస్తుంది. మనుషులను హారంలో పెడితే రేపు మనుషులను జాబితా నుంచి తప్పించి శాతం పెంచుకోవచ్చు. అందుకే హారాన్ని కొలవబడేవాడి చేతిలో ఉంచకూడదు. పంటకోతలో సర్వే నంబరు రైతూ ఎంచుకోడు, కోసే అధికారీ ఎంచుకోడు, లాటరీ ఎంచుకుంటుంది. ఆ ఒక్క ఏర్పాటు వల్ల మోసం మాయం కాదు గాని, మోసం చేయాలంటే శ్రమ పెరుగుతుంది.

ఇలా కొలవడం ఎంత ఖర్చుతో కూడిన పనో ఒక్క లెక్క చూపించి ముగిస్తాను. వైఫల్యం ఒక శాతం మించదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే యాదృచ్ఛికంగా తీసిన 300 సందర్భాల్లో ఒక్కటీ విఫలం కాకూడదు. మూడును శాతంతో భాగించే ఈ బండలెక్క గణాంకశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిందే. ఒక జిల్లాలో రేషన్ కార్డుల జాబితా నుంచి లాటరీలో 300 నంబర్లు తీయాలి. షాపుకు వచ్చినవి మాత్రమే కాదు, జాబితాలో ఉన్నవన్నీ ఆ లాటరీలో ఉండాలి. షాపుతోనూ, ఆ సాఫ్ట్‌వేర్ నడిపే సంస్థతోనూ సంబంధం లేని ఆరుగురు, మనిషికి రోజుకు పది ఇళ్ల చొప్పున తిరిగితే ఐదు రోజుల పని. ప్రతి ఇంట్లో అడగాల్సినవి రెండే ప్రశ్నలు. పోయిన నెల బియ్యం ఇంటికి వచ్చాయా? అందుకోసం ఎన్నిసార్లు వెళ్లాల్సి వచ్చింది? తాళం వేసి ఉన్న ఇంటిని వదిలి పక్కింటికి వెళ్లడానికి వీల్లేదు, ఆ నంబరుకే మళ్లీ వెళ్లాలి. ఎందుకంటే పగటిపూట తాళం పడే ఇల్లు చాలావరకు కూలికి పోయే ఇల్లు, ముద్ర పడని వేళ్లు ఉండేదీ చాలావరకు ఆ ఇంట్లోనే.